సారెలో ట్రావెల్ సిస్టమ్ ఎందుకు వదినగారూ?

మా అమ్మాయికి సీమంతం అయిన నాలుగో రోజున వియ్యపురాలు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపారు. బూడిదరంగు పిల్లల బండి, లావుపాటి చక్రాలు, పైన గొడుగు. కింద ఒక్క మాట, "బారసాలకి ఇది బాగుంటుంది కదా వదినగారూ" అని. ధర కనబడేలాగే స్క్రీన్‌షాట్ తీశారు. 32,000.

ఇది అడగడం కాదు. అడిగితే మనం కాదనొచ్చు. బాగుంటుంది కదా అంటే ఏమనాలి? "బాగుందండీ" అని పెట్టేసి, ఫోను బోర్లించి, పొయ్యి మీద పప్పు సంగతి చూసుకున్నాను. సాయంత్రం మా ఆయనకి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "చక్రాలు బాగున్నాయి" అన్నారు. ఆయన అలా అన్నారంటే మనసులో చీటీ లెక్క మొదలైపోయిందని నాకు తెలుసు.

మా అమ్మ నా పురుటికి ఏం పెట్టింది? వెండి గిన్నె, మొలతాడు, బొంతలు, దోమతెర. ఉయ్యాలకి పాత నేతచీర. ఆ జాబితా ఇప్పుడు ఎంత పొడుగయిందో ఈ మధ్య పురుడు పోసిన తల్లులందరికీ తెలుసు. తొట్టి వచ్చింది, బాటిళ్ళు ఉడకబెట్టే మెషీను వచ్చింది, ఫొటోషూట్ వచ్చింది. ఇప్పుడు ట్రావెల్ సిస్టమ్. కట్నం అంటే తప్పు కాబట్టి ఎవరూ ఆ మాట అనరు. పుట్టబోయే బిడ్డ పేరు చెప్తే అది ముచ్చట అయిపోతుంది. ముచ్చటకి బేరం ఆడితే అమ్మమ్మ పిసినారిది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ట్రావెల్ సిస్టమ్ అంటే ఒక చట్రం. దాని మీద మూడు తగిలించుకోవచ్చు. పురిటి బిడ్డని పడుకోబెట్టే తొట్టి, కూర్చోగలిగాక పెట్టే సీటు, కారు సీటు. కారులో నిద్రపోయిన బిడ్డని లేపకుండా సీటుతో సహా తీసి చట్రం మీద పెట్టి తోసుకుపోవచ్చు. తెలివైన వస్తువే. మా చెల్లెలు పురుడు పోయడానికి అమెరికా వెళ్ళినప్పుడు చూసింది. అక్కడ కారు సీటు లేకపోతే చాలా ఆసుపత్రుల్లో బిడ్డని ఇంటికి పంపరట. ఇంటి ముందు నుంచి పార్కు దాకా కాలిబాట. వాళ్ళమ్మాయి నెల తిరక్కుండానే బండి తోసుకుంటూ రోజూ బయటికి వెళ్ళి గాలి పీల్చుకుని వచ్చేది. ఆ బండి ఆ పిల్లకి స్వేచ్ఛ. నేను బండికి వ్యతిరేకిని కాను.

కానీ మా ఆమదాలవలసకి రండి. మా స్టేషన్ బోర్డు మీద 'శ్రీకాకుళం రోడ్' అని ఉంటుంది, ఊరు మాది, పేరు వాళ్ళది, సరే అది వేరే బాధ. మా వీధిలోంచి ఆ స్టేషన్ వైపు ఒక్కసారి ఆ బండి తోసి చూపించండి. కాలవ మీద పలకలు ఒకటి ఉంటే ఒకటి ఉండదు. ఉన్న అంచు మీద బళ్ళు నిలబెడతారు. వెనక నుంచి ఆటో హారన్. స్టేషన్‌లో అవతలి ప్లాట్‌ఫారానికి మెట్ల వంతెన ఎక్కాలంటే పన్నెండు, పదిహేను కిలోల చట్రం ఒక చేత్తో, బిడ్డ ఇంకో చేత్తో. పచ్చి బాలింత ఎలా ఎక్కుతుంది? మా ఎదురింట్లో ఇలాంటిదే వచ్చింది, రెండేళ్ళ కిందట. బారసాల రోజు రిబ్బను కట్టి హాల్లో పెట్టారు. ఇప్పుడు దాని మీద మినరల్ వాటర్ టిన్నులు తోసుకొస్తారు. ఆ పనికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

అసలు మన దగ్గర బాలింతని బయటికి పంపేదెవరు? చెవిలో దూది, తలకి గుడ్డ, మూడో నెల దాకా గడప దాటకూడదు. దాటితే గాలి, దాటితే దిష్టి. పక్కింటి మామ్మగారు అననే అన్నారు, "బండీలో ఎట్టి ఈదంతా తిప్పితే గుంటకి దిష్టి తగల్దేటమ్మా?" అని. పిల్లని ఇంట్లో కూర్చోబెట్టి, బయట తిరగడానికి బండి కొనడం ఏం లెక్కో నాకు అర్థం కాలేదు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. కోపంలో మొదట నేను అన్న మాట, "ఇవేవీ వద్దు, మనం పెంచలేదా, ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళలేదా" అని. మా అమ్మాయి అప్పుడు ఊరుకుని, రాత్రి పక్కన పడుకుని నెమ్మదిగా అంది. "అమ్మా, అయిదో నెలలో పాపనో బాబునో తీసుకుని విశాఖపట్నం కారులో వెళ్ళాలి కదా. హైవే మీద వంద కిలోమీటర్ల పైన. ఎవరి ఒళ్ళో?"

ఎవరి ఒళ్ళో అంటే, నా ఒళ్ళోనే. ముందు సీట్లో, కిటికీ పక్కన, చెట్లు చూపించుకుంటూ. మనందరం చేసేది అదే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారు యాభై కిలోమీటర్ల వేగంలో దేనికైనా గుద్దుకుంటే నాలుగు కిలోల బిడ్డ ఆ క్షణంలో అర క్వింటా బస్తా పైనే బరువుతో ముందుకి విసురుకుపోతుంది. ఏ అమ్మమ్మ చేతులు ఆపుతాయి? పైగా ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. మనల్ని కాపాడటానికి అది పేలితే, మధ్యలో ఉన్నది బిడ్డ. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి కారులో బెల్టో, పిల్లల సీటో ఉండాలని, లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా అని రాశారు. స్కూటర్ల మీద వెళ్ళే నాలుగేళ్ళ లోపు పిల్లలకి కూడా 2022లో నిబంధన తెచ్చారు. నడిపేవాళ్ళకి కట్టే బెల్టు, హెల్మెట్, నలభై కిలోమీటర్లు దాటని వేగం. మా ఊళ్ళో ఎవరైనా చూశారా? నేను చూడలేదు.

కాబట్టి వదినగారూ, మీరు పంపిన ఫొటోలో నిజంగా కావలసిన ముక్క ఒక్కటే ఉంది, అదే ఎవరూ వాడనిది. ఎదురింటి వాళ్ళ కారు సీటు ఇప్పటికీ అట్టపెట్టెలోనే అటక మీద ఉంది. అడిగాను. "పసిపిల్లని కట్టేస్తే ఏడుస్తాదని" తీయలేదట. హాల్లో పెట్టడానికి బండి కావాలి, ప్రాణానికి పనికొచ్చేది అటకెక్కాలి. ఇదీ మన ముచ్చట.

బండి చరిత్ర కొంచెం చదివాను, ఈ కోపంలోనే. 1733లో ఇంగ్లండులో విలియం కెంట్ అనే ఆయన ఒక డ్యూక్ గారి పిల్లల కోసం మేకో, పొట్టి గుర్రమో లాగే బండి చేశాడట. అంటే మొదటి నుంచీ డాబు వస్తువే. దాన్ని మామూలు ఆడవాళ్ళ చేతికి అందేలా చేసింది ఓవెన్ మెక్లారెన్. విమానాల పని చేసి రిటైరయినాయన, స్పిట్‌ఫైర్ చక్రాల అమరికలో పనిచేశాడు. కూతురు మాస్కో నుంచి మనవరాలితో వచ్చి, బరువైన బండితో అవస్థ పడటం చూసి, గొడుగులా ముడిచే అల్యూమినియం బండి కట్టాడు, 1965లో. అమ్మాయి తండ్రి ఆయన కూడా. కూతురి బరువు తగ్గించాడు. మనమేమో అమ్మాయి తండ్రి చేత బరువు కొనిపిస్తున్నాం.

నేను వియ్యపురాలికి ఫోన్ చేశాను. మెసేజ్‌లో ఇవి చెప్పకూడదు. కారు సీటు పెడతామని చెప్పాను, వెనక్కి తిరిగి ఉండేది, ఈసీఈ ఆర్129, ఆర్44 గానీ మన ఏఐఎస్-072 గానీ ముద్ర ఉన్నది, వెనక సీట్లో బిగించేది. అందులో ఎక్కువసేపు ఉంచకూడదు, గడ్డం గుండెకి ఆనితే పసివాళ్ళకి ఊపిరి కష్టం, అందుకే దారిలో ఆగి తీసి పడుకోబెడతామని కూడా చెప్పాను. బిడ్డ కూర్చోవడం నేర్చాక ఆరేడు కిలోల ముడిచే బండి మేమే కొంటాం, మధురవాడలో వాళ్ళ అపార్ట్‌మెంట్ కింద తిప్పుకోవడానికి సరిపోతుంది. ఇంట్లో చీర ఉయ్యాల వేస్తాం, కొక్కెం ముందు మా ఆయన ఊగి చూస్తారు.

అటువైపు కాసేపు మాట లేదు. తరవాత, "బారసాలకి మా వాళ్ళంతా వస్తారు కదా వదినగారూ, కారులో ఉన్న సీటు ఎవరికి కనబడుతుంది?" అన్నారు.

కనబడదు. నిజమే. ఆ మాట అన్నందుకు నేను ఆవిడని ద్వేషించలేను, ఆవిడ పెద్దకోడలి పుట్టింటివాళ్ళు ఏం పెట్టారో అందరూ చూశారు, ఆవిడా ఎవరికో జవాబు చెప్పుకోవాలి. కానీ ఆ జవాబుకి మా చీటీ డబ్బు ఎందుకు? "చూసేవాళ్ళకి భోజనం బాగా పెడదాం వదినగారూ" అన్నాను. పెట్టేశారు, ఫోను.

ఎనిమిది రోజులయింది, మళ్ళీ చేయలేదు. అమ్మాయి కొంచెం భయపడుతోంది, అత్తగారింట్లో ఉండాల్సింది తను కదా అని. ఆ భయం నాకు తెలుసు, అందుకే ఈ మాటలు తన చేత చెప్పించకుండా నేనే చెప్పాను.

మొన్న ఆదివారం అల్లుడు వచ్చాడు. సీటు అంతకు ముందురోజే వచ్చింది. ఫోన్‌లో వీడియో పెట్టుకుని, కారు తలుపులు నాలుగూ తెరిచి, గంటన్నర కుస్తీ పట్టాడు. బిడ్డ బదులు ఐదు కిలోల బియ్యం సంచి కట్టాం. మా ఆయన లోపలికి వంగి, సీటు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశారు.

"ఇంకా కదుల్తోంది బాబూ" అన్నారు. "మళ్ళీ విప్పి లాగు."