వాగు దాటేవాళ్లను కళ్లే పక్కకు లాగుతాయి

వానాకాలం వచ్చిందంటే చర్ల మండలంలో అడవి వైపున్న గూడేలకూ తారు రోడ్డుకూ మధ్య వాగులు అడ్డం పడతాయి. ఇక్కడ చినుకు రాలకపోయినా ఎగువన ఛత్తీస్‌గఢ్ గుట్టల్లో వాన దంచికొడితే తాలిపేరు వాగు పొంగుతుంది. రేషన్ బియ్యానికో, సంతకో, జ్వరమొచ్చిన బిడ్డను ఆస్పత్రికి తీసుకుపోవడానికో నీళ్లలో దిగక తప్పని మనుషులు ఈ గూడేలవాళ్లు. ఎవరైనా కొట్టుకుపోతే మనం వరద ఉధృతి అంటాం, లేకపోతే అజాగ్రత్త అంటాం. మూడో కారణం ఒకటుంది, అది మనిషి శరీరం తయారైన తీరులోనే ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోకుండానే చప్టాలు కడుతున్నాం, హెచ్చరిక బోర్డులు పాతుతున్నాం.

మనం కదులుతున్నామా లేదా అన్నది మెదడుకు ఒక్క చోటి నుంచే తెలియదు. ఒక్కో చెవి లోపల మూడేసి అర్ధవృత్తాకార నాళికలుంటాయి. తల ఎటు తిరిగినా వాటిలోని ద్రవం ఆ సంగతి చెబుతుంది. వాటిని ఆనుకుని ఉన్న రెండు చిన్న సంచులు తల వాలునూ, ముందుకో పక్కకో వచ్చిన కుదుపునూ పసిగడతాయి. అయితే ఇవన్నీ గుర్తుపట్టేది మార్పునే. ఒకే వేగంతో నిలకడగా సాగిపోవడానికీ, ఉన్నచోటే నిలబడి ఉండటానికీ చెవికి తేడా తెలియదు. ఆ లోటు తీర్చేవి కళ్లు. చూపు మేర ఉన్నదంతా ఒక్కసారిగా ఒకే వైపు జరిగితే, జరిగింది లోకం కాదు, మనమేనని మెదడు తీర్మానిస్తుంది. నేల మొత్తం కదలడం మన బతుకులో ఎప్పుడో గానీ ఉండదు కాబట్టి ఆ తీర్మానం దాదాపు ఎప్పుడూ ఒప్పే అవుతుంది. అది తప్పే చోట్లలో పారే నీరు ఒకటి. వంతెన మీద నిలబడి కింది నీళ్లను అదే పనిగా చూస్తే, కాసేపటికి మనతో సహా వంతెనే ఎదురు దిక్కుకు సాగుతున్నట్టు అనిపిస్తుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాహ్ 1886లోనే రాశాడు. భద్రాచలం వంతెన మీద నిలబడి గోదావరిలోకి చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

వంతెన మీద అది వింత అనుభవం, అంతే. మోకాటి లోతు నీళ్లలో మాత్రం ప్రమాదం, ఎందుకంటే కళ్లు చెప్పినదాన్ని బట్టి ఒళ్లు వాలుతుంది. 1974లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ లీ, ఎరిక్ అరన్సన్ ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. నేల కదలకుండా గోడలు మాత్రమే జరిగేలా ఒక గదిని తయారుచేసి, అప్పుడప్పుడే నిలబడటం నేర్చిన పసివాళ్లను అందులో నిలబెట్టారు. గోడలు ఎటు జరిగితే పిల్లలు అటే తూలారు, కొందరు పడిపోయారు. కాళ్ల కింద నేల గట్టిగానే ఉంది, చెవికి ఏ కుదుపూ తగల్లేదు, అయినా కళ్ల మాటే చెల్లింది. ఇదే సూత్రం వాగులో ఏం చేస్తుందో చూడండి. నీరు ఎడమ నుంచి కుడికి పారుతుంటే, చూసేవాడికి తాను ఎడమకు పోతున్నట్టు తోస్తుంది. దాన్ని సరిదిద్దుకోబోయి ఒళ్లు తెలియకుండానే కుడికి వాలుతుంది. ప్రవాహం తోసేదీ అటే. నీళ్లూ కళ్లూ కలిసి మనిషిని ఒకే దిక్కుకు నెడుతున్నాయన్నమాట.

మనుషులను ఈడ్చుకుపోయేది నీటి బలం, పాచి పట్టిన రాయి, వాటి ముందు చూపు ఎంతటిదని అడగవచ్చు. బలమే ప్రధానం, సందేహం లేదు. ఉరవడిగా పారే నీరు ఆరు అంగుళాలున్నా పెద్ద మనిషిని పడగొట్టగలదని అమెరికా వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. కానీ అంత తక్కువ నీటిలో నిలబడటమా పడటమా అన్నది ఒంటి వాలు మీదే ఆధారపడుతుంది. గూడెం జనం పుట్టినప్పటి నుంచీ వాగులు దాటుతున్నారు, వాళ్లకిది అలవాటేనన్నది మరో వాదన. ఇందులోనూ నిజముంది. మెదడు నేర్చుకుంటుంది, నమ్మదగని చూపును పక్కనపెట్టి అరికాళ్ల స్పర్శ మీద ఎక్కువగా ఆధారపడుతుంది. నీళ్లకేసి చూడకు, అవతలి ఒడ్డు చూస్తూ నడువు అని పిల్లలకు చెప్పే పెద్దలది అచ్చమైన శాస్త్రజ్ఞానం. కానీ అవతలి ఒడ్డు కనపడాలి కదా. రాత్రి టార్చిలైటు వెలుగులో కనిపించేది కాళ్ల ముందు పారే నీరొక్కటే, అంటే కదలని వస్తువు ఒక్కటీ చూపులో ఉండదు. భుజాన డోలీ మోస్తున్నవాడు కాలు ఎక్కడ పడుతోందో చూసుకోక తప్పదు, కాబట్టి తల దించుతాడు. ముసలివాళ్లకు చెవిలోని తూకమూ, పాదాల స్పర్శా రెండూ మొద్దుబారతాయి, వాళ్లకు మిగిలేది చూపే. అలవాటు అక్కరకు రానిది సరిగ్గా ఈ వేళల్లోనే.

వంతెనలు కట్టాల్సిందే, దానికి ప్రత్యామ్నాయం లేదు. అవి వచ్చేదాకా కనీసం నీళ్లు పైకెక్కే ప్రతి చప్టాకూ రెండు అంచుల వెంట తెల్ల రంగు వేసిన ఎత్తైన స్తంభాలు పాతాలి, రాత్రి లైటు పడితే మెరిసే పట్టీలు వాటికి అతికించాలి. అడ్డంగా పారే నీళ్లలోంచి మోటార్‌సైకిల్ నడిపేవాడికైనా, నడిచిపోయేవాడికైనా అవి చూపు నిలిపే గుర్తులవుతాయి, చప్టా అంచు ఎక్కడుందో చెబుతాయి. బోర్డుల మీద లోతు అంకె ఒక్కటే రాస్తే, మోకాలి దాకానే కదా అని దిగేవాణ్ని అది ఆపదు. పగలు దాటనిచ్చే లోతుకే చీకటి పడ్డాక చప్టాను గేటుతో మూసేయాలి. ఆ గంటల్లో ప్రసవానికో పాము కాటుకో రావాల్సినవాళ్ల కోసం వాగుకు రోడ్డు వైపే కాదు, గూడేల వైపు కూడా ఆరోగ్య సిబ్బంది, మందులు జూన్ రాకముందే ఉండాలి.