బాణం గుర్తు దొంగ



ఆ మధ్య ఒకనాటి సాయంకాలం మా పక్కింటి అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఏడో తరగతి చదువుతున్నది. బడికి కావలసిన బొమ్మలు అచ్చు వేయించుకుందామని పెన్‌డ్రైవు ఒక కొట్టుకు తీసుకువెళ్ళిందట. ఇంటికి వచ్చి కంప్యూటరుకు తగిలించి చూస్తే ఫోల్డర్ల పేర్లు పేర్లలాగే ఉన్నాయి గాని, ఒక్కొక్కదాని మూలనా చిన్న బాణం గుర్తు మొలిచింది! ఏమిటో చూద్దామని రెండు మూడు నొక్కింది కూడాను.

అందులో వాళ్ళ నాయనమ్మ పాడిన పాటలున్నాయి. నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆ పాటలు మరెక్కడా లేవు. వాళ్ళ నాన్నగారేమో, "వైరస్ పట్టింది, ఫార్మాట్ చేసేస్తే సరి," అన్నారట. ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచెయ్యడమే గదా!

"పాటలు పోయినట్టేనా, మామయ్యా?" అన్నది.

పోలేదు. నాకెలా తెలిసిందంటారా? ఆ బాణం గుర్తులన్నీ కలిపినా ఇరవై కిలోబైట్లు లేవు. పెన్‌డ్రైవు మాత్రం తనలో మూడు గిగాబైట్లు నిండి ఉన్నవని చెబుతున్నది. ఖాళీగా కనపడే బస్తా ఎత్తబోతే బరువుగా ఉంటే, లోపల ఏదో ఉన్నట్టే కదూ?

కంప్యూటరు వైరస్ ప్రాణమున్న క్రిమి కాదు. ఎవరో మనిషి కూర్చుని రాసిన ఆజ్ఞల వరస, అంతే. దాన్ని నడిపించనంత కాలం అది కదలదు, మెదలదు. అందుకే దానికి మన వేలు కావాలి. వెనక కొన్ని కంప్యూటర్లలో పెన్‌డ్రైవు తగిలించగానే అందులోని ప్రోగ్రాము దానంతటదే నడిచేది. 2011లో మైక్రోసాఫ్టు వారు పాత విండోస్‌లకు కూడా ఆ దారి మూసేశారు. అప్పుడు దొంగలకు బాణం ఉపాయం బాగా పనికివచ్చింది.

బాణం గుర్తున్నదాన్ని షార్ట్‌కట్ అంటారు. అది ఫోల్డరు కాదు, దారి చూపే పలక. ఈ దొంగ పలక ఏం చేస్తుందంటే, మనని ముందు దొంగ ఇంటికి తీసుకుపోయి, తరవాత మన ఇంటికి చేరుస్తుంది! నొక్కగానే మొదట వైరస్ నడుస్తుంది. వెంటనే అసలు ఫోల్డరూ తెరుచుకుంటుంది. ఇంకెవరికి అనుమానం వస్తుంది? ఈలోగా అది కంప్యూటరులో తన నకలొకటి దాచి, మిషను వేసినప్పుడల్లా లేచే ప్రోగ్రాముల జాబితాలో తన పేరు చేర్చుకుంటుంది. ఆ తరవాత ఏ పెన్‌డ్రైవు తగిలించినా దానికీ అంటిస్తుంది.

ఇలా చేతులు మారుతూ పాకడం కొత్తేమీ కాదు. 1986లో లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' అనే వైరస్ ఫ్లాపీల మీద ఎక్కి దేశదేశాలు తిరిగింది. తమాషా ఏమిటంటే, వారు అందులో తమ పేర్లు, చిరునామా, టెలిఫోను నంబరు కూడా రాసిపెట్టారు! ఈనాటి దొంగలు అంత మర్యాదస్థులు కారు.

ఇక వదిలించడం. ముందు ఇంటర్నెట్ తీసేశాము. కొన్ని వైరస్‌లు ఆ దారినే తమ చుట్టాలను పిలుచుకుంటాయి. తరవాత దాని ఫైలు చెరిపేస్తే చాలునని మీకు తోచవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే చేసి, చెరిపిన ఫైలు నిమిషంలో మళ్ళీ పుట్టుకురావడం చూచి తెల్లబోయాను. నడుస్తున్న వైరస్ మేలుకుని ఉన్న దొంగ వంటిది, చూస్తూ ఊరుకోదు. కాబట్టి అది లేవకముందే పట్టుకోవాలి. విండోస్ 10, 11లలో డిఫెండరు ఉన్నది గదా, దానిలో 'ఆఫ్‌లైన్ స్కాన్' అనే ఏర్పాటున్నది. అది కంప్యూటరును ఆపి మళ్ళీ వేసి, విండోస్ ఇంకా నిద్రలేవకముందే వెతుకుతుంది. పావుగంట పని. చేస్తున్న పనులు ముందు భద్రపరచుకుని, అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. వైరస్ పట్టిందనీ, ఫలానా నంబరుకు ఫోను చేయమనీ తెరమీద ఏదైనా అరిస్తే మాత్రం చేయకండి. అది వేరే దొంగ!

కంప్యూటరు శుభ్రపడ్డాక పెన్‌డ్రైవు తగిలించి, ఏదీ తెరవకుండా, దాన్నీ డిఫెండరు చేత వెతికించాము. మిగిలిన బాణం పలకలను మాత్రమే చెరిపాము.

మరి పాటలో? ప్రతి ఫైలుకూ, ఫోల్డరుకూ కొన్ని గుర్తులుంటాయి. 'హిడెన్' అంటే కనపడవద్దని. 'సిస్టమ్' అంటే విండోస్ సొంత సరుకని. వైరస్ ఈ రెండు గుర్తులూ వేసి నాయనమ్మ పాటలను కప్పిపెట్టింది. వీటిని తీసెయ్యడానికి డాస్ కాలంనుంచీ 'ఆట్రిబ్' అనే ఆజ్ఞ ఒకటున్నది. వాళ్ళ నాన్నగారే నల్లతెర తెరిచి, ఆట్రిబ్ అని, మైనస్ హెచ్, మైనస్ ఎస్ అని, నేను చెబుతూ ఉంటే ఒక్కొక్క అక్షరమే కొట్టారు. ఫోల్డర్లు ఒకటొకటిగా పైకి తేలాయి.

వాటిని ముందు వేరే డిస్కులోకి నకలు తీసి, అప్పుడు పాట పెట్టాము. మూడో పాట మధ్యలో కుక్కరు కూత వినిపించింది. ఆ కూత తీసెయ్యవచ్చునన్నాను. "వద్దు మామయ్యా, అది మా వంటింటి కుక్కరే," అన్నది అమ్మాయి.