పండుగనాడు పిలుపు రానివారు

"వాళ్ళకూ మాకూ మాటలు లేవు." మన సీమ పల్లెలలో ఈ వాక్యము తరచుగా వినబడుతుంది. చెప్పినవాడు ఏదో సమాచారము చెప్పినట్లు చెప్పి ఊరకుంటాడు. విన్నవాడు తల ఊపి మరొక మాటలోనికి పోతాడు. సంవత్సరములో మూడువందల అరువది రోజులు ఆ వాక్యమును మోయుట అంత కష్టము కాదు. పొలము పనులు, ఉద్యోగము, పిల్లల చదువులు మనిషిని నిలువనీయవు. కష్టమంతా మిగిలిన ఆ నాలుగైదు రోజులలోనే ఉన్నది. ఉగాదినాడు, దసరానాడు, సంక్రాంతినాడు ఆ వాక్యమునకు బరువు వస్తుంది.

పండుగ ముందునాడు ఎర్రగుంట్లలో నిలుచుంటే ఈ సంగతి కంటికి కనబడుతుంది. ప్రొద్దుటూరికి, జమ్మలమడుగుకు, ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే బస్సులలో కాలు పెట్టుటకు చోటుండదు. చిలమకూరు సిమెంటు కర్మాగారములో పనిచేసేవారు, నాపరాతి గనులలో పనిచేసేవారు సంచులు చేతబట్టుకొని సొంత ఊళ్ళకు ప్రయాణమవుతారు. ఆ సందడిలో ఎక్కడికీ పోనివారు కొందరుంటారు. "ఊరికి పోలేదా?" అని అడిగితే "డ్యూటీ ఉంది" అంటారు. ఆ మాట కొందరి విషయములో నిజమే. కొందరు మాత్రము ఆ డ్యూటీని అడిగి మరీ వేయించుకొన్నవారు. నేను వ్రాయదలచినది ఈ రెండవవారిని గురించి.

దూరము వేరు, తెగిపోవుట వేరు. కడప జిల్లా నుండి కువైటుకు పోయినవారు వేలమంది ఉన్నారు. వారు పండుగకు రాలేకపోయినా ఆ యింట వారి పేరు వినబడుతుంది, ఫోనులో వారి ముఖము కనబడుతుంది, వారు పంపిన డబ్బుతో పిల్లలకు కొత్త బట్టలు వస్తాయి. ఒకే ఊరిలో రెండు వీధుల ఆవల నివసిస్తూ అన్న యింటి గడప తొక్కని తమ్మునికి ఆ పాటి ఊరట కూడా లేదు. పంపకములలో ఒక గట్టు దగ్గర తెగిన సంబంధములున్నవి. కులము కాని పెండ్లి చేసికొన్నందుకు తెగినవి ఉన్నవి. త్రాగివచ్చి కొట్టే తండ్రినుండి, కట్నము కొరకు వేధించే అత్తవారింటినుండి ప్రాణము దక్కించుకొనుటకు తెంచుకొన్నవీ ఉన్నవి. ఇది మన ఒక్కరి జాడ్యమని సిగ్గుపడవలసిన పని లేదు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కార్ల్ పిల్లెమర్ జరిపి, 2020లో గ్రంథముగా వెలువరించిన పరిశీలనలో, ప్రశ్నింపబడినవారిలో నూటికి 27 మంది తమ బంధువులలో ఎవరో ఒకరితో రాకపోకలు తెంచుకొన్నట్లు తేలినది. ప్రతి వీధిలోనూ ఉన్న బాధను ప్రతి యిల్లూ దాచుకొంటున్నది, అంతే భేదము.

చట్టము ఇందులో ఎంతవరకు తోడురాగలదు? కులమతములతో నిమిత్తము లేక వివాహము చేసికొనుటకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము వీలు కల్పించినది. వయస్సు వచ్చిన ఇద్దరు ఇష్టపడి పెండ్లాడుటకు కుటుంబముయొక్క గాని, కులముయొక్క గాని అనుమతి అవసరము లేదని సుప్రీంకోర్టు 2018 మార్చిలో స్పష్టముగా చెప్పినది. అదే యేడు సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులాంతర వివాహము చేసికొన్న యువకుని ఆసుపత్రి వాకిట, గర్భవతియైన భార్య కన్నుల యెదుటనే చంపించారు. ఆ నేరమునకు 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానము శిక్షలు విధించినది. వృద్ధులైన తలిదండ్రులు బిడ్డలనుండి పోషణ వ్యయమును కోరుటకు 2007 నాటి చట్టము హక్కు నిచ్చినది. చట్టము పెండ్లిని నిలబెట్టగలదు, హంతకుని శిక్షించగలదు, నెలకింత అని డబ్బు ఇప్పించగలదు. పండుగనాడు పక్కన విస్తరి వేయించుట దాని చేతిలో లేదు. అది సమాజము చేయవలసిన పని.

మన సమాజము ఈ పనిని ఎట్లు చేస్తున్నదో విచారింతము. చావు సంభవించిన యింట ఆ యేడు పండుగ చేయరు. ఊరివారికి ఆ సంగతి తెలుసును. ఎవరూ గుచ్చి గుచ్చి అడుగరు. చనిపోయినవారి కొరకు దుఃఖించుటకు దినములున్నవి, విధులున్నవి, పలుకరించు పద్ధతి ఉన్నది. బ్రతికి ఉన్న తల్లి కొరకు, బ్రతికి ఉన్న కొడుకు కొరకు దుఃఖించేవారికి ఏ విధియూ లేదు. వెలివేయుటకు మాత్రము పూర్వము ఒక తంతు ఉండేది. దానిని ఘటస్ఫోటమన్నారు. మనుధర్మశాస్త్రము పదునొకండవ అధ్యాయములో చెప్పినదానిని బట్టి, పతితుడైన వానికి బ్రతికి ఉండగనే జ్ఞాతులు చనిపోయినవానికి వలె ఉదకము విడిచేవారు. దాసి నీళ్ళకుండను కాలితో తన్నేది. ఆనాటినుండి వానితో మాట గాని, కూర్చుండుట గాని, పంపకము గాని లేదు. ఇంతవరకు చాలమందికి తెలుసును. ఆ వెంటనే చెప్పినది మాత్రము మరచినాము. ప్రాయశ్చిత్తము చేసికొన్నవానితో ఆ జ్ఞాతులే కలిసి స్నానముచేసి, నీరు నిండిన కొత్త కుండను ఆ నీళ్ళలో విడువవలెను. అటుపై వాడు వెనుకటివలె జ్ఞాతి కార్యములన్నియు చేయవచ్చును. ఆ శాస్త్రమును మరల తెచ్చుకొమ్మని నేను చెప్పుట లేదు. ఎవరు పతితులో నిర్ణయించిన ఆ కొలబద్ద మనకు అక్కరలేదు. కాని, అంత కఠినమైన శాస్త్రము కూడా తలుపు మూసినచోటనే గడియ తీయు పద్ధతిని వ్రాసిపెట్టినది. మనము కుండను తన్నుటను నిలుపుకొని, కొత్త కుండను పోగొట్టుకొన్నాము.

వెలిపడినవారు ఎట్లు బ్రతికినారో తెలిసికొనుటకు మన చరిత్రలోనే నిదర్శనమున్నది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు, ఆ కార్యమునకు తోడ్పడినవారు బంధువులకు దూరమైనారు. వంటవారు రాలేదు, నీళ్ళు తెచ్చేవారు రాలేదు. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు తెచ్చి వండి వడ్డించినారు. విద్యార్థులు పరీక్షకొరకు ఆ తేదీని వల్లించుటతో ఊరకుండరాదు. పదిమంది విడిచిపెట్టిన ఇద్దరు మనుష్యులకు ఆనాడు ఇల్లు అనిపించినది ఆ బిందె నీళ్ళు, ఆ వంట. బంధుత్వము రక్తముతో రావచ్చును; వడ్డించిన చేతితో కూడ వస్తుంది.

పండుగలు రక్తసంబంధమునకే పరిమితమైనవని అనుకొనుట మన ఆచారములను సరిగా చూడకపోవుటయే. దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరస్వామి ఆలయమునకు ఉగాదినాడు ముస్లిములు వస్తారు. బీబీ నాంచారమ్మను తమ ఆడబిడ్డగా, స్వామిని తమ యింటి అల్లునిగా భావించి దర్శనము చేసికొనిపోతారు. నెల్లూరు స్వర్ణాల చెరువులో మొహర్రము దినములలో జరిగే రొట్టెల పండుగలో, కోరిక తీరినవారు రొట్టె తెచ్చి అదే కోరిక గల ముక్కూ మొగమూ ఎరుగనివారికి ఇస్తారు. సంతానము లేని భీష్మునకు మాఘశుద్ధ అష్టమినాడు ఎవరెవరో తర్పణము విడుస్తారు. నిత్యతర్పణములో తల్లీ, తండ్రీ, బంధువులూ ఎవరూ లేనివారు కూడ తృప్తినొందవలెనని కోరే మంత్రమొకటి ఉన్నది. దిక్కులేని మృతులను ఇంత జాగ్రత్తగా జ్ఞాపకముంచుకొన్న జాతి, దిక్కులేక బ్రతికి ఉన్నవారిని మరచుట న్యాయమా?

ఇంటికి దూరమైనవారికి నేను చెప్పగలవి మూడు మాటలు. మొదటిది, పండుగను మానవద్దు. ఒక్కరికొరకు ఓళిగలు చేయుటలో ఏముందని నిరాశపడి తలుపు మూసికొన్నవానికి ఆ రోజు మరింత దీర్ఘమవుతుంది. వాకిట మామిడాకులు కట్టండి. మీవలెనే మిగిలిపోయినవారు వీధిలో మరొకరుంటారు. వారిని భోజనమునకు పిలువండి. రెండవది, రాజీకి పండుగరోజును ఎన్నుకొనవద్దు. ఇల్లు నిండ చుట్టములున్నప్పుడు ఎవరి పట్టుదల వారికి పెరుగుతుంది. పదిమంది ముందు తగ్గుట ఎవరికైనను కష్టమే. ఏ పనీ లేని ఒక మామూలు దినమున, మేనమామ వంటి మధ్యవర్తి ద్వారా ఒక చిన్న ఉత్తరము పంపుట మేలు. తిరిగి కలిసిన కుటుంబములను పరిశీలించిన పిల్లెమర్ గమనించినదొకటి ఇక్కడ ఉపయోగిస్తుంది: గతమునందలి తప్పు తనదేనని ఎదుటివారిచేత ఒప్పించవలెననే పట్టును విడిచినవారే ఎక్కువగా కలిసికొన్నారు. మూడవది, దెబ్బలకు, ప్రాణభయమునకు విడిచివచ్చినవారు పండుగ పేరిట తిరిగి వెళ్ళవలసిన విధి లేదు. "ఏమైనా కన్నవారే గదా" అని వారిని త్రోసే పెద్దలు, అక్కడ ఏమి జరిగినదో ముందుగా విచారించవలెను.

ఇట్లు వ్రాయుట కుటుంబములను తెంచుకొమ్మని ప్రోత్సహించుట కాదా అని కొందరు అడుగవచ్చును. నా అనుభవములో సంగతి వేరుగా ఉన్నది. ఒంటరితనము భరించలేక తిరిగి పోయినవాడు యాచకునివలె పోతాడు. ఆ కలయిక మొదటి మాటకే తెగుతుంది. నలుగురు ఆదరించినవాడు నిలుకడగా పోతాడు, నిలుకడగా మాట్లాడుతాడు. పరాయివారు పెట్టిన పండుగ భోజనము సొంత ఇంటికి దారిని మూయదు. అక్కడికి నడిచిపోవుటకు వలసిన బలమునే ఇస్తుంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక ప్రత్యేకమైన మనవి. సెలవులు ముగిసి బడి తెరవగానే "మా ఇంట సంక్రాంతి" అని వ్యాసము వ్రాయిస్తాము. తాతగారి ఇంటికి ఎన్నడూ పోని పిల్ల ఆ తరగతిలో ఉంటుంది. ఆమె పుట్టకముందే ఆమె తలిదండ్రుల వివాహము వలన ఆ ఇంటి తలుపు మూసుకొన్నది. ఆ పిల్ల కాగితముమీద లేని తాతను సృష్టిస్తుంది. మనము భాష బాగున్నదని మార్కులు వేస్తాము. "నేను చూచిన ఒక పండుగ" అని శీర్షికను మార్చినచో భాషకు లోటు రాదు, పిల్లకు అబద్ధమాడవలసిన అవసరము రాదు. సెలవులకు వసతిగృహములు మూసినప్పుడు కూడ ఇదే చిక్కు. పెట్టె సర్దుకొని అందరికంటె చివర గేటు దాటేవారెవరో గమనించండి. పోవుటకు ఇల్లు లేదని వారు నోటితో చెప్పరు. నలుగురిలో అడుగక, పక్కకు పిలిచి "పండుగకు ఎక్కడుంటావు?" అని అడుగండి. జవాబు తడబడితే మీ ఇంటికి పిలువండి, లేదా ఒక గది తెరచి ఉంచమని అధికారులకు వ్రాయండి.

విద్యార్థులు చేయదగినది ఇంతకంటె సులభము. ఊరికి పోనివానిని "ఎందుకు పోలేదు?" అని అడుగుట మాని, "మా ఇంటికి వస్తావా?" అని అడిగితే చాలును. మొదటి ప్రశ్నకు వాడు ఏదో ఒక డ్యూటీని కల్పించుకొనవలసివస్తుంది. రెండవదానికి అవునని గాని కాదని గాని తల యెత్తి చెప్పగలడు.