గృహారోగ్యము: నెత్తురులో నాటిన విత్తు, ఏండ్ల తరబడి కావలి

బోధను నుండి ఒక సోదరి వ్రాసిన లేఖ ఈ మాసము మా ముందున్నది. ఆమె అక్క కుమారుఁడు 24 ఏండ్లవాఁడు. చిన్ననాఁటి నుండియు అతనికి దెబ్బ తగిలినచో నెత్తురు నిలువదు. మోకాలి కీలులో పలుమాఱులు రక్తము చేరి కాలు వంగిపోయినది. వేలూరులో వైరసు సాయమున ఈ వ్యాధికి క్రొత్త చికిత్స చేసిరని విని, ఆమె మమ్ము మూఁడు ప్రశ్న లడిగినది. కుఱ్ఱవానిని పంపవచ్చునా? ఆ వైరసు మఱియొక రోగమును తెచ్చిపెట్టదు గదా? “నీ నెత్తురే చెడ్డది” అని అక్కను దెప్పుచున్న అత్తవారికి ఏమని బదులు చెప్పవలెను?

కడపటి ప్రశ్నకే మొదట సమాధానము చెప్పెదము. ఏలయన, మందుకంటె ముందు మాన్పవలసిన గాయమది. ఈ వ్యాధి పేరు హీమోఫీలియా. నెత్తురు గడ్డకట్టుటకు వలయు ఫాక్టరు 8 అను పదార్థమును తయారుచేయు జీను చెడుటచేత ఇది కలుగును. ఆ జీను తల్లి నుండి కుమారునికి సంక్రమించు మాట నిజమే. కాని దానిని కోరి తెచ్చుకొన్న తల్లి లేదు. అంతియ కాదు, ఇంచుమించు మూఁడింట ఒకవంతు రోగుల విషయమున వంశములో నెవరికిని ఈ వ్యాధి యుండదు, జీనులో మార్పు క్రొత్తగా కలుగును. ఈ జీనును మోయు స్త్రీలలో కొందఱికి నెలసరియందును ప్రసవమందును అధిక రక్తస్రావ మగును. కావున ఆ తల్లికి కావలసినది నింద కాదు, ఆమెకును ఒక రక్తపరీక్ష.

ఇఁక చికిత్స సంగతి. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాల వైద్యులు ఐదుగురు రోగులకు చేసిన చికిత్సా ఫలితములు 2024 డిసెంబరులో ప్రకటింపఁబడినవి. ఆ రోగులు 22 మొదలు 41 ఏండ్ల వయసు వారు. వారి రక్తమూలకణములను వెలికి దీసి, రోగము కలిగించు శక్తిని తొలగించిన ఒక వైరసును బండిగా చేసి, ఫాక్టరు 8 జీనును ఆ కణములలోనికి పంపిరి. పిదప బలమైన మందులతో ఎముకల మూలుగలోని పాత కణములను తొలగించి, క్రొత్త కణములను మరల నెక్కించిరి. ఐదుగురి కాలమును కలిపి లెక్కింపఁగా 81 నెలలలో రక్తస్రావ మొక్కటియు కలుగలేదు. దినము విడిచి దినము సూదిమందుతో కాలము గడుపు ఇండ్లలో ఈ వార్త ఎంతటి ఆశను రేపునో మే మెఱుఁగుదుము.

అయితే ఆశతోపాటు ఎఱుకయు నుండవలెను. ఈ వైరసు తాను తెచ్చిన జీనును కణములోని జీనుల నడుమ ఎక్కడనో యొకచోట శాశ్వతముగా నాటును. ఎక్కడ నాటునో ముందుగా చెప్పుట సాధ్యము కాదు. కణముల పెరుగుదలను నడుపు జీను ప్రక్కన అది పడినచో, ఆ కణము అదుపు తప్పి పెరిగి రక్తక్యాన్సరుగా మాఱవచ్చును.

ఇది ఉత్త భయము కాదు, జరిగిన కథ. 1999లో పారిసులోని నెక్కెరు ఆసుపత్రిలో, రోగనిరోధశక్తి లేకయే పుట్టిన శిశువులకు ఈ తీరు చికిత్స ప్రారంభించిరి. గాజుగదిలో పెరుగవలసిన బిడ్డలు ఇల్లు చేరిరి. లోకమెల్ల సంతసించినది. 2002లో వారిలో ఇరువురికి రక్తక్యాన్సరు కానవచ్చినది. పారిసు, లండను నగరములలో చికిత్స పొందిన 20 మంది బిడ్డలలో మొదటి ఆఱేండ్ల లోపలనే ఐదుగురికి ఆ వ్యాధి వచ్చినది. ఒక బిడ్డ మరణించెను. తక్కిన నలుగురును క్యాన్సరు చికిత్సతో కోలుకొనిరి. ఎల్ఎంఓ2 అను జీను చెంత వైరసు నాటుకొనుటయే ముఖ్య కారణమని తేలినది.

నాఁటి నుండి శాస్త్రజ్ఞులు వేఱు జాతి వైరసును తీసికొని, ప్రక్క జీనులను రెచ్చగొట్టు భాగములను కోసివేసిరి. వేలూరులో వాడినది ఈ క్రొత్త తరగతి వైరసే. మఱియు వారు జీనును పనిచేయించు మీటను సైతము, కొన్ని తెల్లకణములలోనే ముఖ్యముగా పనిచేయునట్లు ఎన్నుకొనిరి. ఇంత చేసినను ఏమఱుట తగదు. బాలుర మెదడును క్షీణింపఁజేయు ఒక వ్యాధికై అమెరికాలో 2022లో అనుమతింపఁబడిన స్కైసోనా అను చికిత్స యొకటి కలదు. అదియు క్రొత్త తరగతి వైరసుతో చేయునదే. పరిశోధనలో దానిని పొందిన 67 మంది బాలురలో ఏడుగురికి రక్తక్యాన్సరు వచ్చినట్లు 2024 అక్టోబరులో ప్రకటించిరి. అందు వాడిన మీట మిక్కిలి బలమైనది. 2025లో అమెరికా ప్రభుత్వము ఆ చికిత్సను, తగిన మూలుగదాత దొరకని బిడ్డలకే పరిమితము చేసినది.

మఱి ఈ కావలి ఎట్లు కాయుదురు? మన చెఱకుతోటను తలఁచుకొనుఁడు. నిజాంసాగరు కాలువ పాఱిన నాఁటి నుండి బోధను స్త్రీలకు చెఱకు పుట్టింటి చుట్టము వంటిది. 2015 డిసెంబరులో శక్కరునగరు కర్మాగారము మూతబడినను ఆ ఎఱుక చెడలేదు. మనము వేలకొలఁది ముచ్చెలు నాటుదుము; ప్రతి ముచ్చె పిలకలు వేయును. ప్రతి ముచ్చెకును ఒక్కొక్క గుఱుతు కట్టితి మనుకొనుఁడు. అప్పుడప్పుడు తోటకు పోయి, ఏ గుఱుతు గల పిలకలు ఎన్ని యున్నవో లెక్కించిన, అన్ని మోళ్లును తలకొంచెము పంచుకొనుచున్నచో తోట క్షేమము. ఒక్క మోడే ఏటేట పెరిగి తక్కిన వానిని క్రమ్ముచున్నచో అచ్చట అనుమానింపవలెను.

నెత్తురులో నట్టి గుఱుతు వైరసు నాటుకొన్న చోటే. ఒక్కొక్క మూలకణములో అది ఒక్కొక్క చోట నాటును గనుక, ఆ కణమునకు పుట్టిన సంతతి యంతయు అదే గుఱుతును మోయును. కొన్ని నెలల కొకమాఱు కొంచెము రక్తము తీసి, జీనులను చదివి, ఏ గుఱుతు ఎంత పాలు కలదో లెక్కింతురు. వేల గుఱుతులు కానవచ్చిన ఊఱట. ఒకే గుఱుతు పాలు మాటిమాటికి పెరుగుచు, అది పెరుగుదల జీను చెంత నున్నచో వెంటనే మూలుగను పరీక్షింతురు. ఇట్టి చికిత్స పొందినవారిని 15 ఏండ్లు కనిపెట్టి యుండవలెనని అమెరికా నియమము. ఈ కావలి నేరమును పట్టుటకే కాదు, నిర్దోషిని విడుచుటకును పనికివచ్చును. 2021లో కొడవలికణ వ్యాధికి చికిత్స పొందిన యొకరికి రక్తక్యాన్సరు రాఁగా పరిశోధనను ఆపిరి. గుఱుతును పరీక్షింపఁగా అందుకు వైరసు కారణమగుట దాదాపు అసంభవమని తేలి, కొన్ని నెలలకు మరల సాగించిరి.

ఇప్పుడు బోధను సోదరికి మా సలహా. వేలూరు ఫలితములు మొదటి దశ పరిశోధనవి. ఐదుగురు, కొలఁది సంవత్సరములు: ఇంతటితో మేలు కనఁబడినది గాని, క్షేమము నిశ్చయింపఁబడలేదు. పైగా ఫాక్టరును ఎదిరించు పదార్థములు నెత్తురులో లేని, తీవ్రవ్యాధి గల పెద్దవారినే అందు తీసికొనిరి. కావున ఇల్లో పొలమో తాకట్టు పెట్టి పరుగెత్తవలదు. మొదట నిజామాబాదు ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుని చేతను, పిదప హైదరాబాదులోని రక్తవ్యాధి నిపుణుని చేతను కుఱ్ఱవానికి అర్హత కలదో లేదో తెలిసికొనుఁడు. ఫాక్టరు సూదిమందే కాక, చర్మము క్రింద నెక్కించు ఎమిసిజుమాబు అను మందును గూర్చియు అడుగుఁడు. వీనిలో జీనులను మార్చు పని లేదు.

పరిశోధనలో చేరఁదలఁచినచో సంతకమునకు ముందు ఈ మాట లడుగుఁడు. ఎన్నేండ్లు కనిపెట్టెదరు? రాకపోకల వ్యయ మెవరిది? మూలుగను తొలగించు మందులవలన సంతానశక్తికి హాని కలుగునా, ముందే బీజమును భద్రపఱచుట కెట్లు? పరిశోధనవలన హాని కలిగినచో ఉచిత చికిత్సయు పరిహారమును ఇచ్చుట 2019 నాఁటి భారత నియమముల ప్రకారము నడపువారి విధి. ఆ సంగతి పత్రములో నున్నదో చూడుఁడు. పత్రము మీకు తెలిసిన భాషలో నుండవలెను. ఇష్టము లేనప్పుడు వెనుకకు మరలు హక్కు రోగికి ఎల్లప్పుడును కలదు. మఱియు నిర్ణయము చేయవలసినవాఁడు 24 ఏండ్ల ఆ కుఱ్ఱవాఁడే; పెద్దలు తోడుండుట మంచిదే గాని, అతని బదులు సంతకము చేయరాదు.

చేరినచో మాత్రము కావలిని మానరాదు. కాలు కుదిరినది, పెండ్లి యైనది, ఇఁక కాట్పాడి రైలెక్కుట ఎందు కని అనిపించు దినము వచ్చును. ఆ దినముననే వెళ్లవలెను. ఇంటి యిల్లాలు ఒక పుస్తకము పెట్టి పరీక్ష తేదీలు, ఫలితములు, వైద్యుల టెలిఫోను సంఖ్యలు వ్రాసికొని యుండవలెను; చిరునామా మాఱినచో ఆసుపత్రికి వెంటనే తెలుపవలెను. కారణము లేని జ్వరము, విపరీతమైన బడలిక, ఒంటిపై నల్లమచ్చలు కానవచ్చినచో తరువాతి తేదీ వఱకు ఆగరాదు. ఆ రాకపోకలవలన అతనికే కాక, రేపు ఇదే చికిత్సకై వచ్చు బిడ్డలకును మేలు కలుగును.

సోదరీ, మీ అక్కకు మా మాటగా చెప్పుఁడు: ఆమె నెత్తురులో దోషముండవచ్చును, ఆమెలో దోషము లేదు. వచ్చు మాసము పెండ్లికి ముందు చేయింపఁదగిన రక్తపరీక్షలను గూర్చి ముచ్చటింతుము.