విదేశాంగమంత్రి పదవియు, మన బాలుర భాషాభ్యాసమును

రాజ్యమునకు బలమెక్కడ నున్నదని తరగతిలో నడిగినచో, విద్యార్థులు సైన్యమనియు, ధనమనియు చెప్పుదురు. మాటయందును బలము గలదని చెప్పువారరుదు. ఆ మాటయే సాధనముగా గల పదవి విదేశాంగమంత్రి పదవి. 2018లో గుజరాతు తీరమున వేటకు పోయి పాకిస్తానువారికి చిక్కిన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల మత్స్యకారులు 2020 జనవరిలో ఇల్లు చేరిరి. వారిని విడిపించినది ఫిరంగి గాదు, సంప్రదింపు. సముద్రముపై బ్రదుకు మన తీరవాసులు దీనిని మఱువరాదు.

ఐరోపాలో నీ పదవి క్రమముగా నేర్పడినది. ఫ్రాన్సులో రిషెల్యూ 1626లో విదేశవ్యవహారములను ఒక్క కార్యదర్శి వశము చేసెను. ఇంగ్లండులో 1782లో ప్రత్యేకశాఖ యేర్పడగా, చార్లెస్ జేమ్స్ ఫాక్సు దానికి ప్రథమ మంత్రి యయ్యెను. మన దేశమున 1947 మొదలు 1964లో మరణించువఱకు నెహ్రూగారు ప్రధానిగా నుండియే యీ శాఖను వహించిరి.

మన నెల్లూరుసీమ చరిత్రయు నిదే చెప్పుచున్నది. 17వ శతాబ్దమున ఆంగ్లేయులు దుగరాజపట్నమున వర్తకస్థానము నెలకొల్పిరి. పిదప 1639లో చెన్నపట్టణపు స్థలమును యుద్ధముచేత గాక పత్రముచేత సంపాదించిరి. పరుల పత్రమును పదమునకు పదము తూచి చదువగలవాడు దేశమునకెంత యవసరమో దీనివలన తెలియును. 1840లో నెల్లూరు చేరిన శామ్యూల్ డే దొరగారును, 1849లో వచ్చిన జూయెట్ దొరగారును తెలుగు నేర్చియే మన జనులతో మాటాడగలిగిరి.

తెలుగువారిలో నీ పదవి వహించిన పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1921లో వరంగల్లు సీమలో జన్మించిరి. 1980 మొదలు 1984 వఱకును, మరల 1988-89లోను విదేశాంగమంత్రిగా నుండిరి. వారు పెక్కు భాషలెఱిగినవారు. విశ్వనాథవారి వేయిపడగలను హిందీలోనికి అనువదించిరి. ప్రధానియైన పిదప 1993లో చైనాతో సరిహద్దుశాంతికై ఒడంబడిక చేసికొనిరి. 1994లో జెనీవాలో కాశ్మీర విషయము చర్చకు రాగా, ప్రతిపక్షనాయకులగు వాజపేయిగారినే మన బృందమునకు పెద్దగా పంపిరి. వారి పరిపాలనలోని ప్రతి కార్యమును మెచ్చుట మా యుద్దేశము గాదు. మాతృభాషయందు గట్టిపడిన వాడు పరభాషలలో తడబడడని చూపుటయే మా యుద్దేశము.

ఇపుడు మన యిండ్లలో జరుగుచున్నదేమి? ఇంటర్మీడియటు చేరగానే పెక్కురు తెలుగు విడిచి సంస్కృతము గైకొనుచున్నారు. అది సంస్కృతముపై ప్రేమచేత నైనచో సంతోషింతుము. మార్కులు సులభమని యగుటచేత చింతించుచున్నాము. భాష మార్కులకే యని నేర్చిన బాలుడు ఏ భాషయందును తన మనసు విప్పి చెప్పలేడు, ఎదుటివాని మనసు నెఱుగలేడు. లెక్కలు, విజ్ఞానశాస్త్రము వలదని మేమనము. అవి తెలిసినవాడును తన తెలివిని పరులకు విన్నవింపవలసినదే గదా!

కావున తలిదండ్రులకు మా విన్నపము: పిల్లలచేత తెలుగు మాన్పింపకుడు. విద్యార్థులకు మా హితవు: వాదసభలో మీ వాదము చెప్పుటకు ముందు ఎదుటివాని వాదమును, అతడు ఔననునట్లు చెప్పుట యలవఱచుకొనుడు. దౌత్యవిద్యకు తొలిపాఠమిదియే. మన ప్రభువు కొండమీది ప్రసంగమున సమాధానకర్తలకొసగిన గౌరవము గొప్ప పదవులవారికే గాదు. ఊరి తగవు తీర్చు యువకునకును, తరగతిలో నిద్దఱిని కలుపు బాలికకును చెందును.