వాడ లేని సర్వే

పోయిన నెల ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. మా కాలేజీలో డిగ్రీ చదివింది, ఇప్పుడు వేరేచోట టూరిజంలో పీజీ చేస్తోంది. ప్రాజెక్టు పోచంపల్లి మీద. చేతిలో సర్వే ప్రశ్నాపత్రం. వయసు, చదువు, నెల ఆదాయం ఉన్నాయి. "పర్యాటకం వల్ల మీ జీవితం మెరుగుపడిందా?" అన్న ప్రశ్నకు ఐదు గడులున్నాయి. ఒక్క ప్రశ్న మీద మాత్రం ఎర్రగీత పడింది. "మీ ఇల్లు ఊర్లోనా, వాడలోనా?" దాని పక్కన గైడు గారి రాత: "సబ్జెక్టుకు సంబంధం లేదు."

"నిజంగానే సంబంధం లేదా సార్?" అని అడిగింది.

నేను టూరిజం చదువుకున్నవాణ్ణి కాదు, తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ గీతకు జవాబు చెప్పాల్సిందే అనిపించింది. ఇది ఒక్క గైడు గీసిన గీత కాదు మిత్రులారా. టూరిజం పరిశోధన పేరుతో మన దగ్గర జరుగుతున్న చాలా పని మీద ఈ గీత ఉంది.

ముందు ప్రయాణం చేసేవాడి సంగతి చూద్దాం. తెలుగులో యాత్రా సాహిత్యం అనగానే క్లాసులో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రతో మొదలుపెడతాం. 1830లో మద్రాసు నుంచి బయల్దేరాడు. దారిలోని ఊళ్లు, సత్రాలు, ధరలు శ్రద్ధగా రాశాడు. నేనూ ఏటా ఆ పాఠం చెప్తాను. ఆయన సవారీ మోసిన బోయీల భుజాల నుంచి చూస్తే ఆ యాత్ర ఎలా ఉంటుందని మాత్రం ఏ పరీక్షలోనూ ప్రశ్న రాదు.

ఇంకో యాత్ర కథ ఉంది. దాన్ని ఏ టూరిజం సిలబస్‌లోనూ నేను చూడలేదు. 1934లో బాబాసాహెబ్ అంబేద్కర్, ఆయన సహచరులు కలిసి ముప్పై మంది దాకా వెరూల్ గుహలు చూడ్డానికి బయల్దేరారు. దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. అప్పట్లో అది మన నిజాం రాజ్యమే. ఒళ్లంతా దుమ్ము. కోట బయట చెరువు కనిపిస్తే ముఖాలు కడుక్కున్నారు. అంతే, అంటరానివాళ్లు చెరువును మైలపరిచారని కేకలు. గుంపు పోగైంది. చివరికి ఒక సిపాయిని వెంట పెట్టి కోట చూడనిచ్చారు. లోపల ఎక్కడా నీళ్లు ముట్టుకోకుండా కాపలా అన్నమాట. అక్కడ అడ్డుపడింది ముస్లింలు. మతం మారినా ఈ జబ్బు మారలేదని చెప్పడానికే ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆ సంగతి రాశారు.

ఆ రోజు కోట గేటు దగ్గర మన పరిశోధకుడు కూర్చుని ఉంటే ఏం రాసుకునేవాడు? "సందర్శకులు: సుమారు 30." అంతే. నీళ్ల దగ్గర జరిగింది రాసుకోవడానికి అతని ఫారంలో గడే ఉండదు.

ఇప్పుడు పోచంపల్లి. 2021 చివర్లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దాన్ని ప్రపంచంలోని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. సంతోషమే. ఆ పట్టుచీర వెనక పద్మశాలి ఇళ్ల శ్రమ ఉంది. ఆసు పోసి పోసి భుజాలు పడిపోయిన ఆడవాళ్లున్నారు. తల్లి పడే ఆ నొప్పి చూడలేకే మన చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశాడు. నేత కార్మికులతో నాకు ఏ పేచీ లేదు.

నా పేచీ ఆ ఊరి రెండో కథతో. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరికి నడిచొచ్చారు. సాయుధ పోరాటం వేడి ఇంకా చల్లారని రోజులవి. అక్కడి దళిత కుటుంబాలు ఆయన్ని భూమి అడిగాయి. 80 ఎకరాలు కావాలన్నాయి: 40 తరి, 40 ఖుష్కి. లెక్క కట్టుకుని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. దేశమంతా నడిచిన భూదానోద్యమం అలా పుట్టింది. ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది.

ఇచ్చినాయన పేరు మనకు తెలుసు. పుచ్చుకున్నాయన పేరు తెలుసు. అడిగినవాళ్లు? నేను చూసిన పర్యాటక రాతల్లో వాళ్లు "కొన్ని హరిజన కుటుంబాలు." వాళ్లు నోరు తెరిచి అడగకపోతే ఆ దానం ఎక్కడిది? హక్కుగా అడిగినదాన్ని దానంగా రాసుకున్నారు. ఆ దానాన్ని ఇప్పుడు దర్శనీయ స్థలం చేసి చూపిస్తున్నారు. అలాంటి ఊళ్లో సర్వే చేస్తూ "వాడ" అనే మాట సంబంధం లేనిదంటే ఎలా?

సిద్ధాంతం కూడా ఇందుకు సాయం చేస్తోంది. 1975లో డాక్సీ అనే ఆయన ఒక కొలబద్ద ఇచ్చాడు. పర్యాటకులు పెరిగేకొద్దీ ఊరి మనసు నాలుగు మెట్లు మారుతుందట: ఉత్సాహం, ఉదాసీనత, చిరాకు, విరోధం. ఊరంతా ఒకే మనసుతో ఉండదని ఆ తర్వాత చాలామంది విమర్శించారు. మన థీసిస్‌లలో మాత్రం "స్థానిక సముదాయం" అనే ఏకవచనం ఇంకా హాయిగా బతుకుతోంది. ఎవరి ఉత్సాహం సార్? అతిథికి గది అద్దెకిచ్చినవాళ్లదా, ఆ గది కక్కూసు కడిగినవాళ్లదా? ఇద్దరి జవాబులూ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఎవరి బతుకుది?

కులం అడిగితే జనం నొచ్చుకుంటారని కొందరంటారు. నెల జీతం అడిగితే నొచ్చుకోరా? 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వమే ఇంటింటికీ వెళ్లి కులం అడిగింది. ప్రభుత్వం అడగ్గా లేనిది పరిశోధకుడికి మొహమాటం దేనికి? టూరిజం డబ్బు వస్తే కులం దానంతటదే కరిగిపోతుందని ఇంకొందరంటారు. మంచిదే, కరిగిందని చూపించండి. అందుకైనా కొలవాలి కదా. ఎవరి భూమి పోయింది, ఎవరికి గైడు పని దొరికింది, ఎవరికి చీపురు దొరికింది, అతిథి ఎవరింట్లో అన్నం తిన్నాడు అని అడగండి. ఈ నాలుగూ అడగని పరిశోధనను నేను ప్రకటన అంటాను, పరిశోధన అనను.

ఇక ఆ అమ్మాయి సంగతి. మార్కులు గైడు చేతిలో ఉన్నాయి. ఆమె ఇంట్లో డిగ్రీ దాటి చదివిన మొదటి మనిషి ఆమె. పోయి కొట్లాడమని చెప్పే హక్కు నాకు లేదు. అందుకే ఒకటే సలహా ఇచ్చాను. "ఆ ప్రశ్న తీసెయ్యమ్మా. దాని బదులు 'వీధి పేరు' అని ఒక గడి పెట్టు. ప్రతి వీధిలోనూ కొన్ని ఇళ్లు తప్పకుండా ఎంచుకో. ఏ గైడూ కాదనలేడు."

మన ఊళ్లలో వీధి పేరు చెబితే చాలు, మిగతాది చెప్పక్కర్లేదు కదా. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి నవ్వింది. ఫారం సరిచేసుకుని వెళ్లింది.

టూరిజం, సోషియాలజీ, ఎకనామిక్స్ ఏది చదువుతున్నా సరే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ సర్వేలో ఆ ఒక్క గడి పెట్టండి. చివరి వీధి దాకా నడవండి.

జై భీమ్.