పక్షుల్ని లెక్కపెడితే ఉద్యోగం వస్తుందా?

జనవరి వస్తే మన దగ్గర సంక్రాంతి హడావుడి, పోటీ పరీక్షల హడావుడి ఒకేసారి మొదలవుతాయి. అదే నెలలో కొద్దిమంది మాత్రం తెల్లవారకముందే బైనాక్యులర్లు మెడలో వేసుకుని చెరువు గట్ల మీద, ఏటి ఒడ్డున నిలబడి కొంగల్ని, బాతుల్ని లెక్కపెడుతుంటారు. దీన్నే ఆసియా నీటిపక్షుల గణన అంటారు. 1987 నుంచి ఏటా జరుగుతోంది. వెట్‌లాండ్స్ ఇంటర్నేషనల్ సంస్థ సమన్వయం చేస్తుంటే, మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ అందులో భాగస్వామి. లెక్కపెట్టేవాళ్లలో ఎక్కువమంది జీతం లేని వలంటీర్లే.

‘దానివల్ల నాకేంటి?’ అని బందరులోనో గుడివాడలోనో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న విద్యార్థి అడిగితే తప్పేమీ లేదు. కానీ ముందు ఆ అంకె ఎక్కడికి పోతుందో చూడాలి.

ఒక చిత్తడి నేలకు అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు రావడానికి ఉన్న ప్రమాణాల్లో రెండు పూర్తిగా లెక్క మీద ఆధారపడినవే. అక్కడ క్రమం తప్పకుండా 20 వేలు, అంతకుమించి నీటిపక్షులు ఉండాలన్నది ఒకటి. ఒక జాతి మొత్తం సంఖ్యలో కనీసం 1 శాతం అక్కడ ఉండాలన్నది మరొకటి. అంటే ‘మా ఊళ్లో పక్షులు బోలెడు’ అంటే చాలదు. ఏ ఏడాది, ఏ చోట, ఏ జాతి, ఎన్ని అన్నది కాగితం మీద ఉండాలి.

కొల్లేరు 2002లో ఆ జాబితాలో చేరింది. అంతకుముందే, 1999లో, ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చేపల చెరువుల గట్లు కొట్టేశారు. మూడో కాంటూరుకు కుదించాలన్న డిమాండు ఆ తర్వాత కూడా ఆగలేదు. గుడివాడ, కైకలూరు వైపు ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టేది చేపల చెరువే కాబట్టి దీన్ని పక్షికీ మనిషికీ పోటీ అని తేల్చేయడం తేలిక. నాకు మాత్రం అది సగం నిజమే అనిపిస్తుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరద నిలిచేది కొల్లేట్లోనే, అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. సరస్సు కుంచించుకుపోతే ముందు పక్షికి చోటు పోతుంది, తర్వాత నీళ్లు మన ఊళ్లమీదకు వస్తాయి. ఆటపాకలో పెలికాన్ల, ఎర్రకాళ్ల కొంగల సంఖ్య ఏటా రాసిపెట్టడం అంటే ఒకరకంగా సరస్సుకు బీపీ చూడటం.

దివిసీమలో కథ వేరు. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ ఈ సీమను చుట్టుకుని సముద్రంలో కలుస్తుంది. అక్కడి మడ అడవులు, బురద నేలలు కృష్ణా అభయారణ్యం కింద ఉన్నాయి. కాకి ఏటిలో మునిగి హంసగా మారిందని హంసలదీవి స్థలపురాణం చెబుతుంది. చలికాలంలో అక్కడ దిగే వలస పక్షులకు మాత్రం పురాణం కంటే బురద ముఖ్యం. బురదలోని పురుగులు, చిన్న నత్తలే వాటి ఆహారం. పైన డ్యాములు కట్టాక నది మోసుకొచ్చే ఒండ్రు తగ్గింది. ఒండ్రు లేకపోతే బురద నేల నిలవదు. ఈ మార్పును అందరికంటే ముందు పసిగట్టగలిగింది ఒకే చోట ఏళ్ల తరబడి తీసిన పక్షుల లెక్క.

ఇలాంటి లెక్కలు కలిస్తే ఏమవుతుందో 2023లో విడుదలైన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక చూపించింది. 30 వేలకు పైగా పక్షి పరిశీలకులు పంపిన సుమారు 3 కోట్ల నమోదులతో 942 జాతుల స్థితిని అంచనా వేసింది. వాటిలో 178 జాతులను వెంటనే శ్రద్ధ పెట్టాల్సినవిగా గుర్తించింది. సాధారణ జనం ఫోన్లో నొక్కిన వివరాలే ఆ నివేదికకు పునాది.

పని అనుకున్నంత తేలిక కాదు. వెయ్యి బాతుల గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. ముందు పదింటిని లెక్కపెట్టి, అంత జాగా ఎన్నిసార్లు పడుతుందో కంటితో కొలుస్తారు. తీరంలో అయితే ఆటు వేళ పక్షులు బురదంతా చెదిరిపోతాయి. పోటు వచ్చి ఒకచోట గుమిగూడినప్పుడు లెక్కపెట్టడమే మేలు. ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు అన్నవి రాయకపోతే అంకెకు విలువ తగ్గుతుంది. పక్షులు కనిపించని రోజును కూడా నమోదు చేయాలి. చాలామంది తప్పేది ఇక్కడే. మెర్లిన్ యాప్ పేరు చెప్పిందని కళ్లు మూసుకుని ఎక్కించేయడం ఇంకో పొరపాటు.

ఇక ఉద్యోగం సంగతి. గణనలో పాల్గొన్న సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, ఆ భ్రమ వద్దు. కానీ 2006 ఈఐఏ నోటిఫికేషన్ పరిధిలోకి వచ్చే రేవులకు, పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ నివేదిక రాయాలి. అందులో జీవవైవిధ్యం ఒక భాగం. పక్షిని గుర్తుపట్టి, లెక్కను ఎక్సెల్‌లోనో ‘ఆర్’లోనో విశ్లేషించి, మ్యాపు గీయగలిగినవాళ్లు అక్కడ పనికొస్తారు. బందరు పోర్టు పనులు 2023 మేలో మొదలైన తీరం మనది. ఈ నైపుణ్యం ఇక్కడ ఎందుకు కావాలో వేరే చెప్పక్కర్లేదు. పైచదువుకు డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ నడుపుతున్నాయి. యూపీఎస్సీ ఫారెస్ట్ సర్వీసుకు జువాలజీ, బోటనీ వాళ్లే కాదు, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, ఇంజినీరింగ్ చదివినవాళ్లూ అర్హులే.

ఒక్క మాట మాత్రం పెద్దలకు. బస్సు చార్జీకి ఆలోచించే పిల్లలు పొద్దున్నే నాగాయలంక చేరి ఉచితంగా పనిచేయాలనడం న్యాయం కాదు. దారి ఖర్చు, భోజనం, కాలేజీకి రెండు బైనాక్యులర్లు ఇవ్వకపోతే ఈ లెక్కలు డబ్బున్నవాళ్ల సరదాగా మిగిలిపోతాయి.

మొదలుపెట్టడానికి జనవరి దాకా ఆగక్కర్లేదు. ఈబర్డ్ యాప్ ఉచితం. మీ కాలేజీ ఆవరణలోనో పక్క చెరువు దగ్గరో పదిహేను నిమిషాలు నిలబడి, కనిపించినవన్నీ నమోదు చేయండి. వచ్చే వారం అదే వేళకు మళ్లీ అక్కడికే వెళ్లండి. ఫిబ్రవరిలో జరిగే క్యాంపస్ బర్డ్ కౌంట్ నాటికి మీ చేతిలో కొన్ని నెలల లెక్క ఉంటుంది.